చేతికి బల్బు కట్టి.. పనిని చదివారు!

మోషన్ క్యాప్చర్ అనగానే సినిమా గ్రాఫిక్స్, వీడియో గేమ్‌లే గుర్తొస్తాయి. కానీ వందేళ్ల క్రితమే కార్మికుల చేతులకు చిన్న బల్బులు కట్టి, వాళ్ల కదలికల్ని ఫొటో తీసి, ఒంటికి శ్రమ తగ్గించే దారి వెతికిన జంట ఒకటుంది. అందులో భర్త మధ్యలోనే చనిపోయారు. పదకొండు మంది పిల్లలు, చేజారిన కాంట్రాక్టులు, ఆడమనిషిని ఇంజినీరుగా ఒప్పుకోని కంపెనీలు.. వీటి మధ్య ఆ పనిని మరో నలభై ఏళ్లకు పైగా నడిపిన లిలియన్ గిల్‌బ్రెత్ కథ ఇది. ఉద్యోగం వెతుక్కుంటున్న మీకు పనికొచ్చే కథ.

సంక్రాంతికి ముందు ఒకసారి తెనాలిలో రేపల్లె రైలెక్కి కిటికీ పక్కన కూర్చోండి. దారి పొడవునా వరి కోతలు, కుప్పలు, కళ్లాల్లో ధాన్యం రాశులు కనిపిస్తాయి. ఎవరిని కదిపినా ఎకరానికి ఎన్ని బస్తాలు అనే మాటే. మన దగ్గర బస్తా అంటే 75 కిలోలు. ఆ లెక్క ఊళ్లో చిన్నపిల్లాడిక్కూడా తెలుసు. కానీ ఆ బస్తా ఎవరి వీపు మీద లారీ ఎక్కుతోంది, రోజుకు ఎన్నిసార్లు ఎక్కుతోంది, యాభై ఏళ్లొచ్చేసరికి ఆ వీపు ఏమవుతోంది అన్న లెక్క మాత్రం ఎవరూ రాయరు.

ఇంజినీరింగ్ అయ్యాక నేను టెక్నాలజీ గురించి రాస్తూ ఉంటాను. ఆ మధ్య తెనాలి దగ్గర ఒక మిల్లులో ముఠా కార్మికులు బస్తాలు ఎత్తుతుంటే, వాళ్లను అడిగి ఫోన్‌లో వీడియో తీశా. మనిషి కీళ్లను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌లో వేసి చూద్దామని నా ఉత్సాహం. వాళ్లలో ఒక పెద్దాయన తలపాగా విప్పి చెమట తుడుచుకుంటూ, ఇదంతా దేనికని అడిగారు. మా నడుము నొప్పి తగ్గించడానికా, లేకపోతే గంటకు ఇంకో పది బస్తాలు ఎక్కువ మోయించడానికా అన్నది ఆయన ప్రశ్న. నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఇంటికొచ్చి ఈ విద్య మూలాలు వెతుక్కుంటూ వెళ్తే లిలియన్ దగ్గర ఆగాను. ఎందుకంటే ఆ పెద్దాయన ప్రశ్న ఆమె జీవితమంతా ఆమె ముందు ఉన్న ప్రశ్నే.

మాట్లాడటానికే బెరుకు

లిలియన్ 1878 మే 24న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, ఓక్లండ్‌లో పుట్టారు. బాగా ఉన్న కుటుంబం. ఆమే పెద్ద కూతురు. చిన్నప్పుడు ఎంత బెరుకంటే, తొమ్మిదేళ్లు వచ్చేదాకా బడికి పంపకుండా ఇంట్లోనే చదివించారు. ఆడపిల్లకు కాలేజీ ఎందుకన్నది తండ్రి అభిప్రాయం. ఒక్క ఏడాది చదివి చూస్తానని ఆయన్ను ఒప్పించి బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో చేరారు. చదివింది ఇంజినీరింగ్ కాదు, సాహిత్యం. 1900లో డిగ్రీ పూర్తయినప్పుడు ఆ యూనివర్సిటీ స్నాతకోత్సవంలో ప్రసంగించిన తొలి మహిళ ఆమే. బడికి వెళ్లడానికి భయపడిన అమ్మాయి పదమూడేళ్లలో అంత సభ ముందు నిలబడింది. ఇంటర్వ్యూ అంటే చెమటలు పట్టే వాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

1902లో ఎంఏ అయింది. మరుసటి ఏడాది యూరప్ యాత్రకు బయలుదేరి, దారిలో బోస్టన్‌లో ఆగినప్పుడు ఫ్రాంక్ గిల్‌బ్రెత్‌తో పరిచయమైంది. 1904 అక్టోబరు 19న పెళ్లి.

తాపీ పనిలో దొరికిన పాఠం

ఫ్రాంక్ కథ ఇంకో తరహా. ఇంజినీరింగ్ కాలేజీలో సీటు తెచ్చుకునే తెలివి ఉండీ, పదిహేడేళ్లకే తాపీ పని నేర్చుకోవడానికి కూలీగా చేరారు. అక్కడ ఒక విచిత్రం గమనించారు. మేస్త్రి కుర్రాడికి నేర్పేటప్పుడు ఒక రకంగా ఇటుక పెడతాడు. తొందరలో ఉన్నప్పుడు ఇంకో రకంగా, తీరిగ్గా ఉన్నప్పుడు మరో రకంగా పెడతాడు. మరి వీటిలో ఏది సరైన పద్ధతి?

ఇంకా జాగ్రత్తగా చూస్తే అసలు సమస్య ఇటుకలో లేదు, వంగడంలో ఉంది. చిన్న ఇటుక కోసం మేస్త్రి ప్రతిసారీ తన ఒంటి బరువులో సగాన్ని కిందకు దించి పైకి లేపుతున్నాడు. రోజుకు కొన్ని వందల సార్లు. ఫ్రాంక్ ఏం చేశారంటే, గోడతో పాటు పైకి లేచే పరంజా తయారుచేశారు. ఇటుకలు, మాలు నడుము ఎత్తులో అందేలా దాని మీద బల్ల పెట్టించారు. ఇటుకను తిప్పి తిప్పి మంచి ముఖం వెతుక్కోకుండా, ముందే వాటిని వరుసగా పేర్చి అందించే ఏర్పాటు చేశారు. ఒక ఇటుక పెట్టడానికి పట్టే 18 కదలికలు 5కు తగ్గాయి. గంటకు 120 ఇటుకలు పెట్టే మేస్త్రి 350 దాకా పెట్టగలిగాడు.

మన ఊళ్లో ఇల్లు కడుతున్న చోటుకు వెళ్లి పది నిమిషాలు నిలబడి చూడండి. మాలు గమేళా ఇప్పటికీ పాదాల దగ్గరే ఉంటుంది.

ఫ్రాంక్‌కు కదలిక కనిపించింది. ఆ కదలిక వెనక ఉన్న మనిషిని చూసింది లిలియన్. అలసట అంటే ఏంటి? విసుగు ఎక్కడ మొదలవుతుంది? కొత్త పద్ధతి మంచిదైనా కార్మికుడు ఎందుకు ఒప్పుకోడు? ఈ ప్రశ్నల కోసం ఆమె సాహిత్యం వదిలి మనస్తత్వ శాస్త్రం వైపు వచ్చారు. బర్క్‌లీకి పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసం పంపితే, యూనివర్సిటీలో ఉండి చదవాలన్న నిబంధన చూపించి పట్టా ఇవ్వలేదు. ఆ వ్యాసాన్నే 1914లో పుస్తకంగా వేశారు. రాసింది ఆడమనిషి అని తెలిస్తే కొనరేమోనన్న భయంతో ప్రచురణకర్త ఆమె పేరులో పొడి అక్షరాలే వేశాడు. ఆమె ఆగలేదు. కుటుంబం అప్పటికే ప్రావిడెన్స్‌కు మారింది కాబట్టి అక్కడి బ్రౌన్ యూనివర్సిటీలో మరో అంశం మీద పరిశోధన చేసి, 1915లో పీహెచ్‌డీ తెచ్చుకున్నారు. మధ్యలో 1912లో ఐదేళ్ల కూతురు డిఫ్తీరియాతో చనిపోయింది. ఇంట్లో చంటిపిల్లలు ఎప్పుడూ ఉండనే ఉన్నారు.

గడియారం, కెమెరా, బల్బు

ఇక అసలు సంగతికి వద్దాం. 1912లో ప్రావిడెన్స్‌లోని ఒక యంత్రాల ఫ్యాక్టరీలో గిల్‌బ్రెత్ దంపతులు సినిమా కెమెరా పెట్టారు. కార్మికుడి పక్కనే, ఫ్రేములో కనిపించేలా, నిమిషంలో వెయ్యో వంతును కూడా చూపించే గడియారం ఉంచారు. ఫిల్మును ఒక్కో ఫ్రేమూ చూస్తే ఏ కదలికకు ఎంత సమయం పట్టిందో తెలిసిపోతుంది. ఇప్పుడు వీడియోలో టైమ్‌స్టాంప్ అంటున్నామే, అదే.

తర్వాతి అడుగు ఇంకా ఆసక్తిగా ఉంటుంది. కార్మికుడి వేళ్లకు చిన్న విద్యుత్ బల్బులు కట్టారు. కెమెరా షట్టర్ తెరిచి ఉంచి, పని మొత్తం అయ్యేదాకా ఒకే ఫొటో తీశారు. ఫొటోలో చేయి ఎటు వెళ్లిందో అటు వెలుగు గీత పడింది. బల్బును ఒక లెక్క ప్రకారం వెలిగి ఆరేలా చేస్తే గీత చుక్కలుగా విడిపోయింది. చుక్కలు దగ్గరగా ఉంటే చేయి నెమ్మదిగా కదిలినట్టు, దూరంగా ఉంటే వేగంగా కదిలినట్టు. చుక్క ఆకారాన్ని బట్టి ఏ దిశలో వెళ్లిందో కూడా తెలుస్తుంది. దీనికి క్రోనోసైకిల్‌గ్రాఫ్ అని పేరు పెట్టారు. రెండు కటకాల కెమెరాతో తీసి లోతు కూడా కొలిచారు. ఆ గీతను ఇనుప తీగతో వంచి బొమ్మగా చేసి కార్మికుడి చేతిలో పెట్టారు. తన కదలికను తానే పట్టుకుని చూసుకోవడం అతనికి అదే మొదటిసారి.

ఇవాళ మోషన్ క్యాప్చర్ స్టూడియోలో ఒంటికి అంటించే మెరిసే బంతులు, చుట్టూ కెమెరాలు, కంప్యూటర్‌లో కదిలే అస్థిపంజరం.. వీటి వెనక ఉన్న ఆలోచన ఇదే.

చూసిన కదలికలకు పేర్లు కూడా కావాలి కదా. వెతకడం, పట్టుకోవడం, మోయడం, వదలడం, ఆగి ఎదురుచూడటం.. ఇలా చేతి పనిని పదిహేడు, పద్దెనిమిది మూల కదలికలుగా విడగొట్టారు. వాటికి థెర్బ్లిగ్ అని పేరు. గిల్‌బ్రెత్ అన్న ఇంటిపేరును వెనక నుంచి చదివితే దాదాపు అదే వస్తుంది. ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ చదివేవాళ్లు ఈ మాట పరీక్షలో రాసే ఉంటారు.

స్టాప్‌వాచ్ అంటే ఎందుకు భయం?

మిల్లులో పెద్దాయన అడిగిన ప్రశ్న అమెరికాలో అప్పటికే గట్టిగా వినిపించింది. ఆ రోజుల్లో ఫ్రెడరిక్ టేలర్ అనే ఇంజినీరు స్టాప్‌వాచ్‌తో పని కొలిచే పద్ధతి ప్రచారం చేస్తున్నారు. 1911 ఆగస్టులో వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో స్టాప్‌వాచ్ పట్టుకుని అచ్చు పోసే కార్మికుల పక్కన నిలబడగానే వాళ్లు పని ఆపి బయటికొచ్చేశారు. ఆ గొడవ కాంగ్రెస్ దాకా వెళ్లింది. చివరికి ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల్లో స్టాప్‌వాచ్ వాడకాన్ని ఆపేలా నిబంధన పెట్టారు.

గిల్‌బ్రెత్ దంపతులు మొదట టేలర్ బాటలోనే ఉన్నారు. తర్వాత విడిపోయారు. సమయం తగ్గించడం ఫలితం మాత్రమే, తగ్గించాల్సింది అనవసరపు కదలికనూ అలసటనూ అన్నది వాళ్ల వాదన. 1916లో అలసట మీదే ఒక పుస్తకం తెచ్చారు. ప్రావిడెన్స్‌లో అలసట తగ్గించే వస్తువుల మ్యూజియం ఒకటి పెట్టారు. అందులో ఖరీదైన యంత్రాలేమీ లేవు. సరైన ఎత్తు కుర్చీలు, కాళ్లు పెట్టుకునే పీటలు, మోచేతికి ఆసరాలు లాంటివే. మొదటి ప్రపంచ యుద్ధంలో చేతులు, కాళ్లు పోగొట్టుకున్న సైనికులు మళ్లీ ఉద్యోగాలు చేసుకునేలా, మిగిలిన అవయవాలతో ఏ కదలికలు సాధ్యమో ఫిల్ము తీసి అధ్యయనం చేశారు.

అలాగని వీళ్లను దేవుళ్లను చేయొద్దు. వీళ్లకు డబ్బులిచ్చింది యజమానులు. ఇటుకలు 350కి పెరిగితే ఆ లాభంలో ఎంత మేస్త్రికి చేరాలన్నది కెమెరా తేల్చే విషయం కాదు. ఒకే ఫిల్ముతో నడుము కాపాడొచ్చు, అదే ఫిల్ముతో మనిషిని పరుగులూ పెట్టించొచ్చు. పరికరం రెండు వైపులా పనిచేస్తుంది. లిలియన్ దీన్ని ఎటు తిప్పారన్నది ఆమె ఒంటరిగా మిగిలాక బయటపడింది.

ఆ ఐదు రోజులు

1924 జూన్ 14. న్యూజెర్సీలోని మాంట్‌క్లెయిర్. యూరప్‌లో జరిగే రెండు సదస్సులకు వెళ్లాల్సిన ఫ్రాంక్, రైల్వే స్టేషన్ నుంచి ఇంటికి ఫోన్ చేస్తూనే గుండెపోటుతో కుప్పకూలారు. అప్పటికి ఆయన వయసు 55. ఇంట్లో పదకొండు మంది పిల్లలు. పెద్దమ్మాయి కాలేజీలో ఉంది, చిన్నమ్మాయికి ఇంకా రెండేళ్లు నిండలేదు.

లిలియన్ పిల్లలందర్నీ కూర్చోబెట్టి మాట్లాడారు. పెద్దవాళ్లు చిన్నవాళ్లను చూసుకునేలా పనులు పంచారు. ఫ్రాంక్ చనిపోయిన ఐదు రోజులకు ఓడెక్కి, లండన్‌లోనూ ప్రేగ్‌లోనూ ఆయన చేయాల్సిన పనులు తాను పూర్తిచేసి వచ్చారు.

తిరిగొచ్చేసరికి కంపెనీలు వెనక్కి తగ్గాయి. ఇరవై ఏళ్లు భర్తతో సమానంగా పనిచేసినా, పుస్తకాలు రాసినా, పీహెచ్‌డీ ఉన్నా, ఇంజినీరు అంటే మగవాడే అనుకున్న చోట అవేవీ లెక్కలోకి రాలేదు. కాంట్రాక్టులు పొడిగించలేదు. నలభై ఆరేళ్ల వయసులో, పదకొండు మంది పిల్లలతో, లిలియన్ కొత్తగా పని వెతుక్కోవాల్సి వచ్చింది.

మీరూ ఇప్పుడు అదే చోట ఉన్నారు. రెజ్యూమెలో అన్నీ ఉన్నా ఫోన్ రాదు. ఆమె ఏం చేశారో చూడండి.

మొదట, కంపెనీలు తనను ఫ్యాక్టరీలోకి రానివ్వకపోతే, కంపెనీల మనుషుల్నే తన ఇంటికి రప్పించారు. ఇంట్లోనే కదలికల అధ్యయనం నేర్పే కోర్సు పెట్టారు. వేరే దేశాల నుంచి కూడా మేనేజర్లు వచ్చి నేర్చుకున్నారు. తనను ఇంజినీరుగా పెట్టుకోనివాళ్లే తన దగ్గర ఫీజు కట్టి శిక్షణ తీసుకున్నారన్నమాట.

రెండోది, ఆడవాళ్ల గురించి ఆడమనిషే చెప్పాలని కంపెనీలు అనుకునే చోట్లు ఏవో చూసుకున్నారు. న్యూయార్క్‌లోని మేసీస్ దుకాణంలో అమ్మాయిలు పనిచేసే చోట లైట్లు, శబ్దం, రాతపని గమనించి మార్పులు చెప్పారు. 1926లో జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ శానిటరీ ప్యాడ్ల మీద అధ్యయనం అప్పగిస్తే, అప్పట్లో ఎవరూ పైకి మాట్లాడని విషయం మీద వెయ్యి మందికి పైగా మహిళల్ని అడిగి నివేదిక ఇచ్చారు.

ఎవరూ ఫ్యాక్టరీ అనుకోని ఫ్యాక్టరీ

మూడోది వంటిల్లు. నిజానికి ఆమె వంట అంతంత మాత్రమే. ఇంట్లో ఆ పని చూసేందుకు మనుషులు ఉండేవారు. కానీ కెమెరాకు ఏం చూడాలో ఆమెకు తెలుసు. ఫ్యాక్టరీలో కూలీ ఎన్ని అడుగులు వేస్తాడో లెక్కపెట్టిన కళ్లకు, వంటింట్లో ఆడవాళ్లు వేసే అడుగులు కనిపించాయి. ఆ అడుగులకు జీతం లేదు కాబట్టి అంతకుముందు వాటిని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

1929లో బ్రూక్లిన్‌లోని ఒక గ్యాస్ కంపెనీ కోసం ఆదర్శ వంటిల్లు రూపొందించారు. పొయ్యి, సింకు, సామాను అల్మారా దగ్గర దగ్గరగా, పని జరిగే వరుసలో అమర్చారు. ఒకే రకం స్ట్రాబెర్రీ కేకును పాత అమరికలో, కొత్త అమరికలో చేయించి కొలిస్తే అడుగులు 281 నుంచి 45కు పడిపోయాయి. గట్టు ఎత్తు అందరికీ ఒకటే ఉండకూడదని, వంట చేసే మనిషి మోచేతి ఎత్తును బట్టి ఉండాలని చెప్పారు. కాలితో తొక్కితే మూత లేచే చెత్తడబ్బా, ఫ్రిజ్ తలుపుకు అరలు ఆమె ఆలోచనలేనని చెబుతారు. మీ ఇంట్లో అమ్మ గట్టు ముందు భుజాలు పైకెత్తి గరిటె తిప్పుతోందా, వంగి అంట్లు తోముతోందా అన్నది ఇవాళ సాయంత్రం ఒకసారి గమనించండి. ఎర్గోనామిక్స్‌లో మీ మొదటి పాఠం అక్కడే ఉంది.

తర్వాత గుండె జబ్బున్న గృహిణులు అలసిపోకుండా పని చేసుకునే వంటిల్లు ఎలా ఉండాలో చూపించారు. వికలాంగులు సొంతంగా బతకడం గురించి 1944లో మరో రచయిత్రితో కలిసి పుస్తకం తెచ్చారు. ఇటుకలు, యంత్రాలతో మొదలైన విద్యను, అది బాగా అవసరమైన ఒంటి దగ్గరికి తీసుకెళ్లారు. స్టాప్‌వాచ్‌కూ ఆమె కెమెరాకూ తేడా ఇక్కడ తేలిపోయింది. కొలవడానికి వెళ్లే ముందు ఆ పని చేసే మనిషిని అడగడం ఆమె పద్ధతి.

1935లో పర్డ్యూ యూనివర్సిటీ ఆమెను ప్రొఫెసర్‌గా తీసుకుంది. అక్కడ ఇంజినీరింగ్‌లో తొలి మహిళా ప్రొఫెసర్ ఆమే. అప్పటికి వయసు 57. విద్యార్థినులకు కెరీర్ సలహాలు కూడా ఇచ్చేవారు. 1965లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ ఇంజినీరింగ్‌కు ఎన్నికైన తొలి మహిళ అయ్యారు. ఎనభై దాటినా దేశాలు తిరిగి ప్రసంగాలు చేశారు. 1972 జనవరి 2న, 93 ఏళ్ల వయసులో కన్నుమూశారు. పిల్లల్లో ఇద్దరు తమ ఇంటి కథను 1948లో పుస్తకంగా రాస్తే అది సినిమా కూడా అయింది. 1984లో ఆమె బొమ్మతో అమెరికా తపాలా బిళ్ల విడుదల చేసింది.

బల్బు ఇప్పుడు మీ ఫోన్‌లో

గిల్‌బ్రెత్‌లకు సినిమా కెమెరా, ప్రత్యేక గడియారం, చీకటి గది కావాల్సి వచ్చాయి. మీకు ఫోన్ చాలు. గూగుల్ ఉచితంగా ఇస్తున్న మీడియాపైప్ లాంటి సాఫ్ట్‌వేర్ మామూలు వీడియోలోనే ఒంటి మీద 33 బిందువుల్ని గుర్తుపడుతుంది. భుజం, తుంటి, మోకాలు ఎక్కడున్నాయో తెలిస్తే నడుము ఎన్ని డిగ్రీలు వంగిందో లెక్కగట్టడం పదో తరగతి త్రికోణమితే.

ఆ కోణాల్ని ప్రమాద స్థాయిగా మార్చే పట్టికలూ సిద్ధంగా ఉన్నాయి. కూర్చుని చేతులతో చేసే పనికి 1993లో వచ్చిన రూలా వాడతారు. ఎత్తడం, వంగడం లాంటి ఒళ్లంతా కదిలే పనికి 2000లో వచ్చిన రెబా పనికొస్తుంది. రెబాలో నడుము 60 డిగ్రీలు దాటి వంగితే ఆ ఒక్క గడిలోనే 4 మార్కులు పడతాయి. మొత్తం స్కోరు 11 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే పద్ధతి వెంటనే మార్చాలని అర్థం. ఇక బరువుకు అమెరికా సంస్థ నియోష్ సూత్రం ఉంది. అన్నీ అనుకూలంగా ఉన్నా, రెండు చేతులతో ఎత్తే బరువు 23 కిలోలు దాటొద్దని అది చెబుతుంది. మన బస్తా దానికి మూడు రెట్లు దాటింది.

పెద్ద కంపెనీలు ఈ దారిలో చాలా దూరం వెళ్లాయి. 2018లో ఫోర్డ్ స్పెయిన్‌లోని తన ఇంజిన్ల ఫ్యాక్టరీలో 70 మంది కార్మికులకు సెన్సర్లున్న సూట్లు వేసి, కదలికల్ని నమోదు చేసి, పనిచేసే చోట్ల ఎత్తు, అమరిక మార్చింది.

అయితే సాఫ్ట్‌వేర్ చెప్పిందల్లా నిజం అనుకోకండి. నా మిల్లు వీడియోలో బస్తా వీపు మీదకు ఎక్కగానే భుజం బిందువు ఎగిరి బస్తా మీదకు వెళ్లిపోయింది. పంచె కట్టులో మోకాలు సరిగ్గా దొరకలేదు. కెమెరా ఎదురుగా ఉంటే నడుము వంపు తెలియలేదు, పక్క నుంచి తీస్తేనే తెలిసింది. ఇంకో ముఖ్యమైన సంగతి, కెమెరాకు కోణం కనిపిస్తుంది కానీ బరువు కనిపించదు. ఉత్త సంచి ఎత్తినా, 75 కిలోలు ఎత్తినా గీతల బొమ్మ ఒకేలా ఉంటుంది.

ఉద్యోగం ఎక్కడుంది?

ఈ రంగానికి ఒకే డిగ్రీ దారి లేదు. మెకానికల్, ఇండస్ట్రియల్ ఇంజినీర్లు పని అమరిక చూస్తారు. కంప్యూటర్ సైన్స్ వాళ్లు వీడియో నుంచి కోణాలు తీస్తారు. ఫిజియోథెరపీ చదివినవాళ్లకు కండరం, కీలు తెలుసు. సైకాలజీ, హోంసైన్స్ వాళ్లకూ చోటుంది. లిలియన్ మొదటి డిగ్రీ సాహిత్యమేనని మర్చిపోవద్దు. ఆటోమొబైల్ కంపెనీలు, గోదాములు, దుస్తుల ఫ్యాక్టరీలు, సేఫ్టీ విభాగాల్లో ఈ నైపుణ్యం అడుగుతున్నారు. పైచదువులకు ముంబయిలోని ఐఐఎం (పాత నీటీ), గువాహటి ఐఐటీ డిజైన్ విభాగం లాంటివి చూడొచ్చు. ఎన్‌పీటెల్‌లో ఎర్గోనామిక్స్ పాఠాలు ఉచితంగా వినొచ్చు. వ్యవసాయ పనిముట్లలో ఎర్గోనామిక్స్ మీద ఐసీఏఆర్ దేశవ్యాప్త పరిశోధన ప్రాజెక్టే నడుపుతోంది. వ్యవసాయ ఇంజినీరింగ్ కాలేజీ మన బాపట్లలోనే ఉంది. అక్కడ చదివే వాళ్లు కలుపు తీసే పరికరాన్ని, స్ప్రేయర్‌ను ఈ కంటితో చూడటం మొదలుపెడితే ప్రాజెక్టు రిపోర్టు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు.

నిజానికి మన మూడు ఊళ్ల చుట్టూ ఉన్నంత వైవిధ్యం చాలా పట్టణాల్లో ఉండదు. తెనాలిలో ఇనుప తుక్కుతో విగ్రహాలు చేసేవాళ్లు గంటలకొద్దీ మెడ వంచి వెల్డింగ్ చేస్తారు. బాపట్ల జిల్లాలోని చీరాల వైపు నేతకారులు గుంట మగ్గం మీద కూర్చుని రోజంతా కాళ్లు ఆడిస్తారు. రేపల్లె దగ్గర నిజాంపట్నం హార్బర్‌లో చేపల బుట్టలు నెత్తికెత్తుతారు. ఒక్కో పనికీ ఒక్కో నొప్పి.

ఒక పనిని ఎంచుకోండి. ముందు పని చేసే మనిషి దగ్గర అనుమతి తీసుకోండి. ఎందుకు తీస్తున్నారో చెప్పండి. వీడియో యజమానికి ఇవ్వనని మాటివ్వండి, ఇస్తే మొహాలు కనిపించకుండా చేసి ఇవ్వండి. పక్క నుంచి పది సార్లు తీయండి. రెబా స్కోరు చేత్తో లెక్కేసి, సాఫ్ట్‌వేర్ చెప్పినదానితో పోల్చండి. ఒకే ఒక్క మార్పు చేయించి మళ్లీ కొలవండి. ఈ నాలుగు పేజీల రిపోర్టు రెజ్యూమెకు జతచేస్తే, ఇంటర్వ్యూలో మాట్లాడటానికి మీ సొంత పని మీ దగ్గర ఉంటుంది.

నేను రెండోసారి మిల్లుకు వెళ్లినప్పుడు గీతల బొమ్మను పెద్దాయనకు చూపించా. బస్తా కింద నుంచి లేపేటప్పుడు నడుము ఎంత వంగుతోందో చెప్పా. ఆయన కాసేపు చూసి, అది కాదని తల అడ్డంగా ఊపారు. బస్తాను ఇద్దరు పట్టి లేపుతారట, అక్కడ అంత బాధ లేదట. అసలు బాధ లారీ నిండుతున్నప్పుడు, పై వరుసలకు ఏటవాలు బల్ల మీద ఎక్కేటప్పుడట. ఆ బల్ల పొట్టిగా ఉండటంతో ఏటవాలు నిట్టనిలువుగా ఉంటోంది. ఇంకో నాలుగడుగుల పొడవు బల్ల ఉంటే మోకాళ్లకు ఊపిరి ఆడుతుందని వాళ్లెప్పటి నుంచో అనుకుంటున్నారు. వాళ్లనెవరూ అడగలేదు. నేనూ మొదటిసారి అడగలేదు, కెమెరాను తప్పు చోట పెట్టాను.

ఆయన మొదటి ప్రశ్నకు ఆ రోజు జవాబు చెప్పగలిగా. ఇది గంటకు పది బస్తాలు పెంచడానికి కాదు, పొడుగు బల్ల ఎందుకు కావాలో కాగితం మీద చూపించడానికి అని. ఇప్పుడు ఆ ఏటవాలు కోణం కొలుస్తున్నా. పై వారం ఆ లెక్కతో మిల్లు యజమాని దగ్గరికి వెళ్తున్నాం. పెద్దాయన కూడా వస్తానన్నారు.